ఉప్పు, కరెంటుతో క్లోరిన్ తయారీ: ఊరి ట్యాంకు నీళ్లను శుద్ధి చేసే పద్ధతి

కరెంటుతో నీళ్లను శుద్ధి చేయడమంటే తాగే నీళ్లలోకి కరెంటు పంపడమని చాలామంది అనుకుంటారు. తాగే నీళ్ల దగ్గరికి కరెంటు రానే కూడదు. పక్కన ఒక బకెట్లో ఉప్పునీళ్లు పెట్టి, వాటిలోకి డీసీ కరెంటు (బ్యాటరీలా ఒకే దిశలో పారేది) పంపితే సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ద్రావణం తయారవుతుంది. ఆ ద్రావణాన్ని కొలిచి ట్యాంకులో కలపాలి. సూక్ష్మజీవులను చంపేది అందులోని క్లోరినే.

బ్లీచింగ్ పౌడర్ ఉండగా ఇదెందుకనే ప్రశ్న న్యాయమైనదే. తాజా పౌడర్‌లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. కానీ సంచి విప్పిన రోజు నుంచీ గాలికి, తేమకు, ఎండకు బలం తగ్గుతూ పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. నీళ్లు చెడిపోయేదీ అప్పుడే, పౌడర్ గడ్డకట్టేదీ అప్పుడే. 2021 నవంబరు వరదల్లాంటివి వచ్చి దారులు తెగితే కొత్త సంచి రావడమూ కష్టం. ఉప్పయితే పాడవదు, ఏ అంగట్లోనైనా దొరుకుతుంది.

ఇక్కడ చెప్పే అమరిక ఒక విడతకు 20 లీటర్ల ద్రావణం ఇస్తుంది. లీటరుకు సుమారు 6 గ్రాముల క్లోరిన్ లెక్కన మొత్తం 120 గ్రాములు. నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు పడితే 60 వేల లీటర్లకు సరిపోతుంది. ఖర్చయ్యేది అర కిలో ఉప్పు, ఒక యూనిట్‌లోపు కరెంటు.

పలకలు

మొత్తం పనికి ప్రాణం ఎలక్ట్రోడ్ పలకలు. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దు. పాజిటివ్ వైపు ఉండే యానోడ్ తప్పకుండా రుథీనియం, ఇరిడియం ఆక్సైడ్ల పూత ఉన్న టైటానియం పలకే కావాలి. నెగటివ్ వైపు కాథోడ్‌కు పూత లేని మామూలు టైటానియం చాలు. ఇలాంటి యానోడ్లు తయారుచేసే సంస్థలు చెన్నైలో ఉన్నాయి. ఈత కొలనుల ఉప్పు క్లోరినేటర్లకు విడిగా అమ్మే పలకలూ ఈ రకానివే.

స్టెయిన్‌లెస్ స్టీలు గరిటో ప్లేటో పెట్టి చేసే వీడియోలు చాలా కనిపిస్తాయి. అవి ప్రమాదకరం. ఉప్పునీటిలో పాజిటివ్‌కు కట్టిన స్టీలు కరిగిపోతుంది. ఇనుముతో పాటు నికెల్, క్రోమియం నీళ్లలోకి దిగుతాయి. క్లోరిన్ సమక్షంలో ఆ క్రోమియం క్యాన్సర్ కారకమైన ఆరో వేలెన్సీ రూపానికి మారగలదు. ఆర్వో యంత్రాలు అమ్మేవాళ్లు రెండు గ్లాసుల్లో కరెంటు కడ్డీలు ముంచి, కుళాయి నీళ్లు గోధుమ రంగుకు తిరగడం చూపించి భయపెడతారు కదా, అక్కడ కనిపించే మడ్డి చాలా వరకు ఆ ఇనప కడ్డీ నుంచి కరిగిందే. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు, అంతే. మన బకెట్లో గోధుమ రంగు కనిపించిందంటే ఎక్కడో ఇనుము తగులుతోందని అర్థం. ఆ విడత మొత్తం పారబోయాలి. రాగి కూడా ఇంతే చేటు. కరిగిన రాగి, నికెల్ కొంచెమున్నా తయారైన హైపోక్లోరైట్‌ను విరగ్గొడతాయి.

10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉన్న మూడు పలకలు తీసుకోండి. రెండు వైపులా పూత ఉన్న యానోడ్ మధ్యలో, కాథోడ్లు చెరో పక్క. మధ్యలో 4 మిల్లీమీటర్ల పీవీసీ ముక్కలు పెట్టి నైలాన్ బోల్టులతో బిగించాలి. పలకలు నిలువుగా నిలబడాలి, కింద, పైన దారి తెరిచి ఉండాలి. లేచే బుడగలే ద్రావణాన్ని కిందనుంచి పైకి లాగి తిప్పుతాయి, వేరే పంపు అక్కర్లేదు. పలకలు 10 సెంటీమీటర్లు మునగాలి, మిగతా 5 పైకి ఉండాలి. వైర్లు బిగించేది ఆ పై భాగానికే. వైరు చివర బిగించే రాగి లగ్గు ద్రావణాన్ని తాకకూడదు. చింది పడే తుంపరలు కూడా తగలకుండా బిగింపు మీద సిలికాన్ పూయండి.

కరెంటు

ఎల్ఈడీ డిస్‌ప్లే బోర్డులకు వాడే 5 వోల్టుల, 40 ఆంపియర్ల పవర్ సప్లై ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. తిరుపతి, చిత్తూరుల్లో బోర్డులు చేసే వాళ్లందరికీ తెలిసిన సరుకే. దాని మీద ఉండే చిన్న స్క్రూతో వోల్టేజీని కాస్త అటూ ఇటూ మార్చుకోవచ్చు. మనకు కావలసింది 25 ఆంపియర్లు. 40 అని రాసి ఉన్నా గంటల తరబడి నడిపేటప్పుడు 30 దాటనివ్వకపోవడం మంచిది. వైరు 10 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఒక్కో తీగ 2 మీటర్లకు మించకుండా. సన్న వైరు వాడితే వోల్టులు దారిలోనే ఖర్చయిపోతాయి, వైరు వేడెక్కుతుంది.

పవర్ సప్లై బకెట్‌కు పైన కాకుండా పక్కన, వైరు అందినంత దూరంలో ఉండాలి. క్లోరిన్ ఆవిరి తగిలితే లోపలి బోర్డు తుప్పు పడుతుంది. 230 వోల్టుల వైపు ఎర్త్ తప్పనిసరి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ కూడా. మెయిన్స్ కరెంటును డయోడ్లతో నేరుగా డీసీ చేసి ముంచే ప్రయత్నం ప్రాణాలు తీస్తుంది.

వైరు చుట్టూ పట్టి డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు ఒకటి కొనాలి. ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు పారిందో తెలిస్తేనే ఎంత క్లోరిన్ వచ్చిందో అంచనా దొరుకుతుంది. సిద్ధాంతం ప్రకారం ఒక ఆంపియర్ గంటసేపు పారితే 1.32 గ్రాముల క్లోరిన్ రావాలి. ఇలాంటి తెరిచిన బకెట్లో అందులో 60 శాతం, అంటే 0.8 గ్రాములు వస్తే బాగా నడుస్తున్నట్టే. 25 ఆంపియర్లు, 6 గంటలు, 0.8 గ్రాములు: ఆ గుణకారమే 120 గ్రాములు.

ఉప్పునీళ్లు

25 లీటర్ల ప్లాస్టిక్ బకెట్లో 20 లీటర్ల నీళ్లు పోసి 500 గ్రాముల ఉప్పు కరిగించాలి. తూకం వేసే పోయాలి, గుప్పెళ్ల లెక్క పనికిరాదు. ఉప్పు తక్కువైతే క్లోరిన్‌కు బదులు ఆక్సిజన్ ఎక్కువగా పుట్టి యానోడ్ పూత తొందరగా అరిగిపోతుంది. ఎక్కువైతే నష్టం లేదు, ఉప్పు వృథా అంతే.

అయోడిన్ కలపని శుద్ధమైన తెల్ల ఉప్పు మేలు. కోస్తా ఉప్పుమడుల నుంచి వచ్చే రాళ్లుప్పు చవకే గానీ, అందులో ఉండే కాల్షియం, మెగ్నీషియం కాథోడ్ మీద తెల్లటి పెచ్చుగా పేరుకుంటాయి. సముద్రపు ఉప్పులోని బ్రోమైడ్ మరో ఇబ్బంది. అది బ్రోమేట్‌గా మారుతుంది, తాగే నీళ్లలో బ్రోమేట్ ఉండటం మంచిది కాదు. సంచి అడుగున తడి చెమ్మ పడుతుంటే ఆ ఉప్పులో మెగ్నీషియం ఎక్కువుందని గుర్తు.

ఉప్పు కరిగించే నీళ్ల విషయంలో మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. కుప్పం, పలమనేరు వైపు వెయ్యి అడుగులు దాటిన బోర్లున్నాయి. అలాంటి లోతు బోర్ల నీళ్లలో కాఠిన్యంతో పాటు ఫ్లోరైడ్ కూడా ఉండొచ్చు. కాఠిన్యం కాథోడ్‌ను కప్పేస్తుంది. ఫ్లోరైడ్ టైటానియాన్నే తినేస్తుంది. అందుకే ఈ 20 లీటర్లకు మాత్రం ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లో, వడగట్టిన వాన నీళ్లో వాడండి. ఒక్క క్యాను ఖర్చుతో వేల రూపాయల పలకలు నిలుస్తాయి.

నడిపే విధానం

ముందు చోటు. 6 గంటల్లో సుమారు 70 లీటర్ల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వకే పేలుతుంది. హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకి లేచి కప్పు కింద గుమిగూడుతుంది. మూసిన పంపు గదిలో, మెట్ల కింద అరలో ఈ పని పెట్టకూడదు. గోడలు లేని రేకుల షెడ్డు కింద, కప్పు వాలు పైకి తెరిచి ఉన్నచోట పెట్టండి. బకెట్ మీద మూత బిగించవద్దు. తుంపరలు ఆపడానికి రంధ్రాలు చేసిన మూత వదులుగా పెడితే చాలు. దగ్గర్లో బీడీ, సిగరెట్, పొయ్యి ఏదీ ఉండకూడదు.

పలకలు దించి, ప్లస్ మధ్య పలకకు, మైనస్ రెండు పక్క పలకలకు ఉందో లేదో మళ్లీ చూసుకుని అప్పుడే స్విచ్ వేయండి. తిరగేసి కడితే పూత లేని టైటానియం యానోడ్ అయిపోతుంది. కరెంటు దాదాపు ఆగిపోతుంది, పూత ఉన్న పలక కూడా దెబ్బతింటుంది. స్విచ్ వేసిన వెంటనే పాలలాంటి సన్నటి బుడగలు లేవాలి. క్లాంప్ మీటరు 22 నుంచి 25 మధ్య చూపితే బాగున్నట్టే. ఎక్కువుంటే పలకలను ఒక సెంటీమీటరు పైకి లేపండి, తక్కువుంటే వోల్టేజీ స్క్రూ కొంచెం తిప్పండి.

ద్రావణం వేడెక్కే కొద్దీ కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగే కొద్దీ వేడి పెరుగుతుంది. 40 డిగ్రీలు దాటితే హైపోక్లోరైట్ క్లోరేట్‌గా మారిపోవడం ఎక్కువవుతుంది. క్లోరేట్‌కు క్రిములను చంపే గుణం లేకపోగా ఆరోగ్యానికి మంచిది కాదు. తాగునీటిలో లీటరుకు 0.7 మిల్లీగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోహిణి కార్తెలో బకెట్లోని నీళ్లు మొదలుపెట్టేటప్పటికే 35 డిగ్రీలుంటాయి, 6 గంటల్లో మరో 10 పెరగడం తేలిక. కాబట్టి ఎండాకాలంలో రాత్రిపూట నడపండి. బకెట్‌ను నీళ్లు నింపిన పెద్ద తొట్టిలో నిలబెట్టి, ఆ నీళ్లు గోరువెచ్చనైనప్పుడల్లా మార్చండి. గంటకోసారి థర్మామీటరు, క్లాంప్ మీటరు రెండూ చూసి పుస్తకంలో రాసుకోవాలి.

మధ్యలో కరెంటు పోతే కంగారు లేదు. కరెంటు పారిన గంటలే లెక్క, వచ్చాక మిగతా సమయం పూర్తి చేయండి. పని అయ్యాక ముందు బోర్డు దగ్గర స్విచ్ ఆపి, ఆ తర్వాతే పలకలు పైకి తీయాలి. కరెంటు పారుతుండగా తీస్తే నిప్పురవ్వ లేస్తుంది, అక్కడే హైడ్రోజన్ ఉంటుంది.

ద్రావణం బలం కొలవడం

గంటలు గుణించి వచ్చిన అంకె అంచనా మాత్రమే. ప్రతి విడతా కొలవాలి. దీనికి ఖరీదైన పరికరం వద్దు, నీళ్లలోని క్లోరిన్‌ను రంగు చూసి కొలిచే, పంచాయతీల్లో వాడే క్లోరోస్కోపు చాలు. 10 లీటర్ల ఆర్వో నీళ్లలో సిరంజితో సరిగ్గా 1 మిల్లీలీటరు ద్రావణం వేసి బాగా కలిపి, వెంటనే పరీక్షించండి. వచ్చిన అంకెను 10తో గుణిస్తే ద్రావణంలో లీటరుకు ఎన్ని గ్రాముల క్లోరిన్ ఉందో తెలుస్తుంది. 0.6 వస్తే 6 గ్రాములు, 0.4 వస్తే 4 గ్రాములు. కుళాయి నీళ్లతో చేస్తే ఆ నీళ్లలోని మలినాలే కొంత క్లోరిన్ తినేసి అంకె తప్పుతుంది.

ఈ పరీక్షకు పసుపు రంగు ఇచ్చే ఆర్థోటోలిడిన్ మందు కంటే గులాబీ రంగు ఇచ్చే డీపీడీ మాత్రలు మేలు. ఆర్థోటోలిడిన్ ఒంటికి మంచిది కాదు. పైగా కాసేపు ఉంచితే అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌ను కూడా చూపించి, ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు నమ్మిస్తుంది.

ఈ ద్రావణం ఎక్కువ రోజులు నిలవదు. లోపలికి వెలుగు పోని ప్లాస్టిక్ క్యానులో, నీడలో, మూత వదులుగా పెట్టి ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. ఎండాకాలం మరుసటి రోజుకు మిగల్చకండి. మిగిలితే బలం మళ్లీ కొలిచాకే వాడాలి. ఇనప డబ్బాల్లో పోయవద్దు.

ట్యాంకుకు ఎంత పోయాలి

అన్ని నీళ్లకూ ఒకే మోతాదు ఉండదు. కళ్యాణి డ్యామ్ నీళ్లు వేరు, తెలుగుగంగ నీళ్లు వేరు, వాన తర్వాత స్వర్ణముఖి ఒడ్డు బావి నీళ్లు పూర్తిగా వేరు. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు పటికతో తేర్చి వడగట్టాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మడ్డి 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి, వేరే నీటి ఆధారం లేనప్పుడు 5 దాకా ఒప్పుకుంటారు. మట్టి రేణువుల వెనక దాక్కున్న క్రిములకు క్లోరిన్ అందదు.

నాలుగు బకెట్లలో 20 లీటర్ల చొప్పున ఆ ట్యాంకు నీళ్లే పట్టండి. లీటరుకు 6 గ్రాముల క్లోరిన్ ఉన్న ద్రావణం ఒక మిల్లీలీటరు, 20 లీటర్ల నీటికి లీటరుకు 0.3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇస్తుంది. బకెట్లలో వరసగా 4, 6, 8, 10 మిల్లీలీటర్లు వేసి కలిపి, మూతపెట్టి అరగంట ఆగండి. తర్వాత ఒక్కోదాన్ని పరీక్షించండి. మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉన్న బకెట్టే మన లెక్క. అది 6 మిల్లీలీటర్ల బకెట్ అనుకోండి. 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు అలాంటి 2,000 బకెట్లతో సమానం కాబట్టి 12 లీటర్లు పోయాలి. అపార్ట్‌మెంటులో 10 వేల లీటర్ల సంపుకు 3 లీటర్లు. ఈ మోతాదులో నీళ్లకు చేరే ఉప్పు లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపే, రుచి తేడా రాదు.

ఎక్కువ వేసిన బకెట్లో తక్కువ వేసినదానికంటే అంకె చిన్నగా వస్తే పరీక్ష తప్పని కొట్టిపారేయకండి. నీళ్లలో అమ్మోనియా ఉందని, అంటే మురుగు కలిసి ఉండొచ్చని అది చెబుతోంది. మోతాదు పెంచుతూ పోవడం దానికి మందు కాదు. మురుగు ఎక్కడ కలుస్తోందో వెతికేదాకా ఆ నీళ్లు తాగడానికి వదలకూడదు.

ట్యాంకు పావు వంతు నిండాక ద్రావణం పోయండి, మిగతా నీళ్లు పడే ఊపుకు అదే కలిసిపోతుంది. నిండాక పోస్తే పైనే నిలిచిపోతుంది, కింది కుళాయిలకు ఏమీ రాదు. నిండిన తర్వాత అరగంట దాకా వాల్వు తిప్పవద్దు. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దాటితే గంట ఆగాలి. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటే, 8.5కు వచ్చేసరికి పదో వంతే మిగులుతుంది.

పంచాయతీ ట్యాంకు అయితే సొంతంగా మొదలుపెట్టకండి. సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంటుకు, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరుకు చెప్పి, వాళ్ల ముందు బకెట్ పరీక్ష చేసి చూపించాకే.

ఏది ఎందుకు చెడిపోతుంది

అన్నిటికంటే తరచుగా వచ్చేది కరెంటు మెల్లగా పడిపోవడం. 25 నుంచి 15కు దిగితే ముందు కాథోడ్ చూడండి, తెల్ల పెచ్చు ఉంటుంది. పలకలను మంచినీళ్లతో బాగా కడిగి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయాక, రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. ఆ వరస తప్పకూడదు. హైపోక్లోరైట్ మిగిలి ఉండగా వెనిగర్ గానీ బాత్రూం యాసిడ్ గానీ తగిలితే క్లోరిన్ వాయువు గుప్పున లేస్తుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. వైరు బ్రష్‌తో గీకడం, కత్తితో చెక్కడం చేస్తే యానోడ్ పూత పోతుంది.

పెచ్చు లేకపోయినా కరెంటు తగ్గితే లగ్గుల దగ్గర పచ్చటి చిలుము పట్టిందేమో చూడండి. కరెంటు సరిగానే ఉన్నా బలం 3, 4 గ్రాములే వస్తుంటే ద్రావణం వేడెక్కి ఉంటుంది, లేదా ఉప్పు తక్కువై ఉంటుంది, లేదా రాగి, ఇనుము ఎక్కడో తగులుతున్నాయి. ఈ మూడూ కాకపోతే పూత అయిపోవచ్చిందని అర్థం, కొత్త పలక కొనాల్సిందే. యానోడ్ మీద నల్లటి మసి పేరుకుంటే ఉప్పునీళ్లలో మాంగనీస్ ఉన్నట్టు, నీళ్ల ఆధారం మార్చండి.

ద్రావణం పట్టుకునేటప్పుడు కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

క్లోరిన్ ఫ్లోరైడ్‌ను, నైట్రేట్‌ను, కాఠిన్యాన్ని ఏమీ చేయలేదు. క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవి ఈ మోతాదుకు లొంగదు, దానికి వడపోత కావాలి.

రోజూ పరీక్ష చేయాల్సింది ట్యాంకు కింద కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, 1 దాటకూడదు. విరేచనాలు, కామెర్లు ఊళ్లో కనిపిస్తున్నప్పుడు కనీసం 0.5 ఉండేలా చూడండి. నెలకోసారి అదే కుళాయి నీళ్లు క్రిములను పట్టి చూపే హెచ్‌టూఎస్ పరీక్ష సీసాలో పట్టి 48 గంటలు ఉంచండి. నల్లబడితే క్రిములున్నట్టే. ట్యాంకు దగ్గర 0.5 ఉండి చివర ఏమీ లేకపోయినా, సీసా నల్లబడినా మోతాదు పెంచే ముందు పైపు వెంట నడవాలి. మురుగు కాలువ దాటే చోట్ల, రోడ్డు తవ్విన చోట్ల, జాయింట్ల దగ్గర చెమ్మ చూడండి. నీళ్లు వదలని వేళల్లో పగిలిన పైపు బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది.